ఔషధపరీక్ష: పరదేశమునకా, స్వదేశమునకా?

2025వ సంవత్సరమున మధ్యప్రదేశమునందలి ఛింద్వాడా ప్రాంతమున ఇరువదిమందికి పైగా పసిబిడ్డలు దగ్గుమందు త్రాగి, మూత్రపిండములు చెడి మరణించిరి. మందు తమిళనాటి కర్మాగారమున తయారైనది. ఆ రాష్ట్రప్రభుత్వ పరిశోధనశాల పరీక్షింపగా అందు డైయిథిలీన్ గ్లైకాలను విషము నూటికి 48.6 పాళ్లు తేలెను. అనుమతింపబడిన హద్దు నూటికి 0.1 మాత్రమే. పత్రికలు కొన్నిదినములు వ్రాసి ఊరకొన్నవి. మాకట్లు ఊరకుండుటకు మనసొప్పకున్నది.

ఈ విషము క్రొత్తది కాదు. 1937లో అమెరికాయందు నూరుమందికి పైగా దీనికి బలియైరి. మరుసటి యేటనే ఆ దేశము, మందు నిరపాయకరమని విక్రయమునకు ముందే నిరూపింపవలెనని శాసించెను. 1986లో బొంబాయి ఆసుపత్రియందు 14గురు మరణించిరి. గ్లిసరిన్ వలెనే చిక్కగను తియ్యగను ఉండి, అంతకంటె చౌకగా దొరకును గనుక, కక్కుర్తివలననో అజాగ్రత్తవలననో ఇది దాని స్థానమున చేరుచున్నది. ముడిసరుకును వాడుటకు ముందే పరీక్షింపవలెనని నియమము లేకపోలేదు. పరీక్షింపనివానిని సకాలమున పట్టుకొనువాడే కానరాడు. ఎరువు బస్తాను విప్పించి చూచి బేరమాడు రైతు సైతము మందుసీసాయెడ నిస్సహాయుడు. బిడ్డకు త్రాగించి చూడవలసినదే గదా!

మన పరిశ్రమ అల్పమైనది కాదు. ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్‌గారి బెంగాల్ కెమికల్ 1901లో కంపెనీ యయ్యెను. 1970 నాటి పేటెంటు చట్టము మందునకుగాక, దానిని చేయు పద్ధతికి మాత్రమే హక్కునిచ్చుటచే మనవారు వేరుదారులు వెదకి విదేశపు మందులను స్వయముగా చేయగలిగిరి. హైదరాబాదు ఐ.డి.పి.యల్.లో పనిచేసిన అంజిరెడ్డిగారు 1984లో సొంత కంపెనీ స్థాపించిరి. పాశ్చాత్యులు ఏటికి పదివేల డాలర్లకు పైగా అమ్ముచుండిన ఎయిడ్సు మందులను 2001లో సిప్లా 350 డాలర్లకే ఇత్తుమనెను. ఇది మనకు నిక్కముగా గర్వకారణము.

శాసనము మాత్రము పరిశ్రమతోపాటు పెరుగలేదు. మూలచట్టము 1940 నాటిది. తయారీ లైసెన్సు నిచ్చునది రాష్ట్రము; సరుకు పోవునది దేశమంతటికి. లైసెన్సులు కేంద్రమే ఈయవలెనని 2003లో మషేల్కర్ సంఘము చెప్పెను. 2013లో రాజ్యసభకు వచ్చిన బిల్లు 2016లో ఉపసంహృతమయ్యెను.

ఇంతకంటె విపరీతము వేరొకటి గలదు. 2022లో గాంబియా దేశమున సుమారు డెబ్బదిమంది బాలుర మరణములకు మన దేశపు దగ్గుమందులతో సంబంధముండవచ్చునని ప్రపంచారోగ్యసంస్థ హెచ్చరించెను. అంతట కేంద్రప్రభుత్వము 2023 జూన్ 1 మొదలు ఎగుమతియగు దగ్గుమందులను ప్రభుత్వము అంగీకరించిన పరిశోధనశాలలో ముందుగా పరీక్షింపవలెనని ఉత్తరువు చేసెను. మంచిపని. కాని ఓడ నెక్కు సీసాకు విధించిన ఈ పరీక్షను లారీ నెక్కు సీసాకు విధింపలేదు. ఛింద్వాడా బిడ్డలు త్రాగినది లారీ నెక్కిన సీసాలోనిదే.

పరీక్షల వ్యయమునకు చిన్న కర్మాగారములు మూతపడునని, మందు ప్రియమగునని కొందరందురు. ఈ భయము వట్టిది కాదు. అట్లయిన ముడిసరుకు పీపాలకగు పరీక్షవ్యయమును ప్రభుత్వమే భరించి, ఫలితములను జిల్లా జిల్లాకును దేశభాషలలో ప్రకటింపవలెనని మేము కోరుచున్నాము.