వెనక్కు నడిచిన జావా

పాత బండి బాగుచేస్తున్నానన్నవాడికి అప్పివ్వకూడదని మా మామగారు అంటూ వుండేవారు. ఆ మాట నన్ను ఉద్దేశించి అన్నదేనని గ్రహించటానికి నాకు రెండేళ్లు పట్టింది.

బండి మా నాయనది. 1969 నాటి జావా. పెన్‌పహాడ్‌లో బడిపంతులుగా వుండగా, 1975లో సూర్యాపేట ధాన్యం వ్యాపారి ఒకరి దగ్గర కొన్నారు. ఆ రోజుల్లో కొత్త స్కూటరు కావాలంటే పేరు రాయించుకొని యేళ్ల తరబడి కాచుకోవాలి. పేరు రాయించినవాడికి పెళ్లయి, పిల్లలు పుట్టి, వాళ్లు బడికి పోయేనాటికి స్కూటరు వచ్చేదని హాస్యమాడేవారు. అందుచేత ఎవరైనా బండి అమ్ముతున్నారంటే పరుగెత్తవలసిందే. పదిహేనేళ్లు ఆ జావా మీద నాయన తిరగని ఊరు లేదు. మిర్యాలగూడలో పెళ్లికీ అదే, కోదాడలో చావుకూ అదే. తరువాత అది పశువుల కొట్టంలో చేరి, గడ్డిమోపుల కింద ముప్పయి యేళ్లు పడివున్నది.

జావా పుట్టిల్లు చెకోస్లొవేకియా. మైసూరులో ఐడియల్ జావా కంపెనీ వారు 1961 నుంచి మనదేశంలో తయారుచేశారు. 1973లో బండి పేరు యెజ్డీ అయింది. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. 2018లో జావా పేరుతోనే కొత్త బండ్లు వచ్చినవిగాని, వాటి సామాను మన పాతదానికి సరిపోదు. సిలిండరు ఒక్కటే, సైలెన్సర్లు మాత్రం రెండు. అంతకంటె చిత్రం, కిక్కూ గేరూ ఒకే కడ్డీ. లోపలికి నొక్కి తిప్పితే కిక్కు; ఇంజను అందుకున్న తరువాత అదే గేరు. తాళంచెవి మేకులాంటి పుల్ల. నాయన ఒకసారి దాన్ని పోగొట్టుకొని, నిజంగానే మేకు పెట్టి కొన్ని నెలలు నడిపారట.

చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం నవాబుగారి 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ వున్నది. దానిని బాగుచెయ్యటానికి నిపుణులున్నారు. 1932లో ఇరవైయేడు బస్సులతో మొదలయిన నిజాం రైల్వేవారి రోడ్డు రవాణా శాఖ బస్సొకటి హైదరాబాదులో నేటికీ ముస్తాబుగా నిలబడివున్నది. దానికి ఆర్టీసీ వారి అండ వున్నది. నాకున్నది వసారా, నాలుగు పానాలు, ఎం.ఏ. తెలుగు.

విప్పటం తేలిక. ఆ సంగతి ఎవరూ చెప్పరు. ఒక్క ఆదివారంలో బండి మొత్తం వసారాలో పరిచేశాను. మరలన్నీ ఒకే ఆవకాయ జాడీలో పోశాను. ఏ మర ఎక్కడిదో తేల్చుకోవటానికి వేసవి సెలవులన్నీ చెల్లినవి. పెట్రోలు టాంకులో తుప్పు పోవటానికి చింతపండు పులుసు పోసి, చిన్న గులకరాళ్లు వేసి వూపాను. తుప్పు పోయింది. పన్నెండు రాళ్లు వేస్తే పదకొండే బయటికి వచ్చినవి. పన్నెండోది ఇప్పటికీ మలుపు తిరిగినప్పుడల్లా గలగలమంటుంది.

బేరింగు ఎక్కించాలంటే దాని గూటిని వేడిచేసి, బేరింగును చల్లబరచాలి. వేడికి లోహం సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. అప్పుడు సుత్తిదెబ్బ లేకుండా అదే జారి కూర్చుంటుంది. శాస్త్రం బాగానే వున్నది. కాని ఫ్రిజ్‌లో పెరుగుగిన్నె పక్కన గ్రీజు పూసిన బేరింగు, పాలపొయ్యి మీద ఇంజను పెంకు కనిపించినప్పుడు మా ఆవిడకు ఆ శాస్త్రం చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. సామాను కోసం సూర్యాపేట, మిర్యాలగూడ పాత ఇనుము దుకాణాలన్నీ గాలించి, చివరికి సికింద్రాబాదు రాణీగంజ్ చేరాను.

ఎనిమిది నెలలకు బండి రూపానికి వచ్చింది. టైమింగు పుస్తకం చూసి నేనే పెట్టాను. కిక్కు కొడితే కడ్డీ ఎదురుతిరిగి చీలమండను తన్నింది. రెండు రోజులు కుంటాను. మూడోరోజు సాయంత్రం ఇంజను అందుకున్నది! శబ్దం శ్రావ్యంగానే వున్నది. నాయన కుర్చీ వాకిట్లోకి వేయించుకున్నారు. నేను ఎక్కి, మొదటి గేరు వేసి, క్లచ్చి వదిలాను.

బండి వెనక్కు పోయింది.

వెనక మా ఆవిడ వడియాలు పెట్టిన మంచం వున్నది. మంచమూ, వడియాలూ, నేనూ, జావా ఒకే రాశిగా పడ్డాము.

"వెనక్కు పోవటానికి ఎనిమిది నెలలు కావాలటండీ?" అన్నదావిడ.

నాయన పగలబడి నవ్వారు. అమ్మ పోయిన తరువాత ఆయన అట్లా నవ్వగా చూడటం అదే మొదలు.

సూర్యాపేటలో ముసలి మెకానిక్కు ఒకాయన సంగతి విప్పిచెప్పాడు. టూ స్ట్రోకు ఇంజనులో వాల్వులుండవు. పిస్టనే పైకీ కిందికీ పోతూ దారులు తెరుస్తుంది, మూస్తుంది. అది ఎటు తిరిగినా దానికి ఒకటే. నిప్పురవ్వ మరీ తొందరగా పడితే, పైకి వస్తున్న పిస్టను వెనక్కు తన్నబడి ఇంజను అపసవ్యంగా తిరుగుతుంది. పాయింట్ల నడుమ సిగరెట్టు కాగితం పెట్టి, అది వదులయ్యే చోటు చూసి పది నిమిషాల్లో సరిచేశాడు. "సారూ, ఇది పుస్తకంల చదివితె రాదు, చెయ్యితోటి తెలుస్తది" అన్నాడు. తరగతిలో ఛందస్సు గురించి నేను ఇరవైయేళ్లుగా చెబుతున్న మాట అదే.

తరువాత జరిగినదానికి మాత్రం నవ్వు రాదు. ఈ బండికి లీటరు పెట్రోలులో నలభై మిల్లీలీటర్ల నూనె కలపాలి. ఇంజనులో పిస్టనుకు వేరే చమురు లేదు. ఆ మాట నేను మావాడికి చెప్పలేదు. వాడు బంకులో వట్టి పెట్రోలు పోయించుకొని సూర్యాపేట దారిన పోయాడు. నాలుగైదు మైళ్లకు పిస్టను బోరులో పట్టేసి, వెనకచక్రం బిగుసుకుపోయింది. వెనక లారీ ఏదీ లేదు. మోకాళ్లు చెక్కుకుపోయి, బండి తోసుకుంటూ వచ్చాడు. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ భోంచెయ్యలేదు. పాత ఇనుముకు వేసేస్తానన్నాను. నాయన ఏమీ అనలేదు. అనకపోవటమే కష్టంగా వున్నది.

వారం తరువాత మావాడే ఇంజను విప్పాడు. బోరు కోయించి, పెద్ద సైజు పిస్టను వేయించాము. ఇప్పుడు నూనె కొలిచేది వాడే, దగ్గుమందు మూతతో, నన్ను ముట్టుకోనివ్వడు.

నీలంరంగు వేయిద్దామని నాకు సరదాగా వున్నది. కాని 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషను నుంచి యాభై యేళ్లు దాటిన బండిని మౌలికరూపం చెడకుండా వుంచితేనే 'వింటేజి' కింద చేర్చుకుంటారు. కొత్త రిజిస్ట్రేషనుకు ఇరవైవేలు. నంబరులో 'వి.ఏ.' అన్న అక్షరాలుంటాయి. రోజూ కాలేజీకి వేసుకుపోవటానికి వీల్లేదు. ప్రదర్శనలకూ, ర్యాలీలకూ, పెట్రోలు పోయించుకోవటానికీ మాత్రమే. రంగు సంగతి నాయన దగ్గర ఎత్తితే, "మెరూన్ బండికి నీలమేందిరా?" అన్నారు. మెరూనే వేయించాము.

ఆదివారం ఉదయం మావాడు దాన్ని స్టార్టు చేస్తాడు. నాయన కుర్చీ ఇప్పుడు బండికి పక్కగా వేయించుకుంటున్నారు, వెనక కాదు.