ఎడ్డీ రాబిన్సన్: ఒక శిక్షకుని జీవితము

ఫుట్‌బాల్ అనగానే మనకు కాలితో తన్ను బంతియే స్ఫురించును. అమెరికాలో ఆ పేరుతో ఆడునది వేఱొక ఆట. అందు కోడిగ్రుడ్డు ఆకారముగల బంతిని చేతబట్టి పరుగిడుదురు. లేదా తమ పక్షమువానికి విసరుదురు. ఒక్కొక్క పక్షమున 11 మంది ఉందురు. నాలుగు ప్రయత్నములలో 10 గజములు ముందునకు సాగవలెను. లేనిచో బంతి ఎదిరి పక్షమునకు పోవును. ప్రతి ప్రయత్నమునకు ఒక వ్యూహము పన్నవలసి యుండుటచే, శిక్షకుడు ఈ ఆటకు సేనాపతివంటివాడు.

అట్టివారిలో ఎడ్డీ రాబిన్సన్ సుప్రసిద్ధుడు. ఆయన 1919లో లూయిసియానా రాష్ట్రమున ఒక పేద నల్లజాతి కుటుంబమున జన్మించెను. తండ్రి పాలుకు పత్తి సేద్యము చేసెడివాడు. రాబిన్సన్ కళాశాల చదువు ముగించియు, కొంతకాలము పశువుల దాణా మిల్లులో కూలికి పనిచేసెను. 1941లో, 22వ యేట, గ్రాంబ్లింగ్‌లోని నల్లజాతి విద్యార్థుల కళాశాలకు శిక్షకుడయ్యెను. మైదానమున గడ్డి కోయుట మొదలు పత్రికలకు ఆటవార్తలు వ్రాయుట వఱకు అన్నియు ఆయన పనులే. మొదటి యేట మూడు గెలుపులు, ఐదు ఓటములు. మఱుసటి యేడు ఆడిన తొమ్మిది ఆటలును గెలిచిరి. ప్రత్యర్థులకు ఒక్క పాయింటైనను దక్కలేదు.

ఆనాడు దక్షిణ రాష్ట్రములలో జాతిభేదము చట్టబద్ధము. తెల్లజాతివారి భోజనశాలలలో తన ఆటగాండ్రకు ప్రవేశము లేనందున, ప్రయాణములలో వారికి కావలసిన రొట్టెలను ఆయనయే సిద్ధపరచెడివాడు. ఉదయమే వసతిగృహమున గంట మ్రోగించి వారిని తరగతులకు పంపెడివాడు. 1949లో ఆయన శిష్యుడు ట్యాంక్ యంగర్, నల్లజాతి కళాశాలలనుండి జాతీయ వృత్తిజట్లలో చేరిన తొలి ఆటగాడయ్యెను. అతని వెనుక 200 మందికి పైగా శిష్యులు వృత్తిక్రీడలో ప్రవేశించిరి. 1988లో డగ్ విలియమ్స్ అను శిష్యుడు వాషింగ్టన్ జట్టును సూపర్ బౌల్ పోటీలో గెలిపించెను. జట్టును నడుపు క్వార్టర్‌బ్యాక్ స్థానమునుండి ఆ విజయము సాధించిన తొలి నల్లజాతి క్రీడాకారుడు అతడే.

1985లో రాబిన్సన్ 324వ విజయముతో, అలబామా శిక్షకుడు బేర్ బ్రయంట్ నెలకొల్పిన 323 విజయముల రికార్డును దాటెను. కాని అప్పటికే కాలము మాఱినది. 1970 ప్రాంతమునుండి దక్షిణాదిలోని తెల్లజాతి కళాశాలలును నల్లజాతి యువకులను తమ జట్లలో చేర్చుకొనసాగెను. ధనబలముగల ఆ కళాశాలలకు మేటి ఆటగాండ్రు తరలిరి. ఏ తలుపులు తెఱచుకొనవలెనని ఆయన పాటుపడెనో, అవి తెఱచుకొనుటయే ఆయన జట్టుకు నష్టమైనది. 1995 నుండి 1997 వఱకు వరుసగా మూడేండ్లు గెలుపులకంటె ఓటములే అధికము.

1997లో ఆయన 408 విజయములతో విరమించెను. 2007లో కాలధర్మము నొందెను. చివరి మూడేండ్ల ఓటములను మాత్రమే లెక్కించువారికి ఆయన శక్తి తఱిగినట్లు తోచవచ్చును. తన శిష్యులకు లేని అవకాశములు తరువాతి తరమువారికి లభించుటను గమనించినవారికి, ఆ ఓటములలోను ఆయన కృషిఫలమే గోచరించును.