పేరుకు పథ్యం... పెరిగేది బరువు!

అన్నం మానేశారు. పంచదార డబ్బా అటక ఎక్కించారు. పొద్దున్నే తేనె నీళ్లు, పది గంటలకు రాగి జావ, రాత్రికి చపాతీలు. మూడు నెలలు గడిచాయి. తూకం యంత్రం మీదికెక్కి చూస్తే ముల్లు ఉన్నచోటే ఉంది! బరువు తగ్గాలని నడుం కట్టిన చాలామంది అనుభవం ఇదే. పట్టుదలకు లోటు లేకపోయినా లెక్క తప్పడమే దీనికి కారణం.

ఒంటికి మంచిదన్న పేరుంటే ఎంత తిన్నా ఫరవాలేదన్న నమ్మకం చాలామందిలో ఉంది. తిండి ఇచ్చే శక్తిని కేలరీలలో కొలుస్తారు. ఖర్చయ్యేదానికన్నా ఎక్కువ తింటే, మిగిలింది కొవ్వుగా పేరుకుంటుంది. అది బిర్యానీ వల్ల వచ్చినా, బాదంపప్పు వల్ల వచ్చినా ఒకటే.

చపాతీ చాటున నూనె

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల బియ్యంలో 345 కేలరీలుంటే, గోధుమపిండిలో 341 ఉన్నాయి. రాగుల్లో 328, కొర్రల్లో 331, జొన్నల్లో 349, సజ్జల్లో 361. తేడా అంతంతమాత్రమే. రాగుల్లో కాల్షియం, చిరుధాన్యాల్లో పీచు ఎక్కువన్న మాట నిజం. పీచు ఉంటే త్వరగా కడుపు నిండుతుంది. కానీ అన్నం అన్నంగానే ఉంచి, పైన రెండు గ్లాసుల జావ తాగితే లాభమేమిటి?

రెండు చపాతీలకు 60 గ్రాముల పిండి అనుకుంటే సుమారు 205 కేలరీలు. కాల్చేటప్పుడు రెండు టీ చెంచాల నూనె వేస్తే మరో 90 కలుస్తాయి. శనివారం ఒంటిపూట ఉండేవారి సంగతీ ఇంతే. రాత్రి అన్నం మానేసి, నాలుగు దోసెలు, గిన్నెడు పల్లీ చట్నీతో పలహారం ముగిస్తే అన్నం తిన్ననాటికన్నా కేలరీలు పెరిగే అవకాశమే ఎక్కువ.

బెల్లం కూడా తీపే

పంచదార చేటు, బెల్లం మేలు అన్నది మరో నమ్మకం. 100 గ్రాముల పంచదారలో 398 కేలరీలుంటే బెల్లంలో 383. తేనెలో 319. అనకాపల్లి బెల్లం రుచికి పెట్టింది పేరే గాని, బరువు లెక్కలో పంచదారకు తోబుట్టువే. మధుమేహం ఉన్నవారు బెల్లం కాఫీతో నిశ్చింతగా ఉండటం మరీ ప్రమాదం. తేనెను, పళ్లరసాల్లోని తీపిని కూడా పంచదారతో కలిపే లెక్కించి తగ్గించుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది.

బత్తాయి పండు ఒలుచుకు తింటే ఒకటితో తృప్తి కలుగుతుంది. గ్లాసు రసానికి మూడు నాలుగు పండ్లు కావాలి. పీచు పిప్పిలో పోతుంది, తీపి గ్లాసులో మిగులుతుంది.

గుప్పెడు చాలు

వేరుశనగ, బాదం, జీడిపప్పు బలవర్ధకమైనవే. అయితే 100 గ్రాముల వేరుశనగ గింజల్లో 567, జీడిపప్పులో 596, బాదంలో 655 కేలరీలున్నాయి. గుప్పెడు, అంటే 30 గ్రాముల పల్లీలు తింటే 170 కేలరీలు. టీవీ ముందు కూర్చుని పొట్లం ఖాళీ చేస్తే ఒక పూట భోజనంతో సమానం. వీటిని మానక్కర్లేదు. బజ్జీలకు, బిస్కెట్లకు బదులుగా తింటే మంచిదే.

ఇంట్లోనే లెక్క

నూనె వాడకం కనిపెట్టడం తేలిక. నెలకు మనిషికి అరకిలో పడుతుంటే రోజుకు సుమారు 150 కేలరీలు నూనె నుంచే వస్తున్నట్టు. కిలో పడితే 300. డబ్బా విప్పిన తారీఖు దానిమీదే రాసుకుంటే సంగతి బయటపడుతుంది.

కంచంలో సగం కూరలు, ఆకుకూరలు ఉంచి, అన్నమైనా రొట్టైనా పావు వంతుకు పరిమితం చేసి, మిగతా పావులో పప్పు, గుడ్డు లేదా చేప పెట్టుకోవచ్చు. వారానికోసారి ఒకే యంత్రం మీద బరువు చూసుకోవాలి. నడుము కొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి. మధుమేహానికి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు ఒక్కసారిగా తిండి తగ్గిస్తే రక్తంలో చక్కెర పడిపోయి కళ్లు తిరగవచ్చు. అలాంటివారు ముందుగా డాక్టరును అడిగే మార్పులు చేసుకోవాలి.