ఆటస్థలంలో వారికీ ఒక వరుస

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. వరంగల్లు జిల్లా కల్లెడ గ్రామానికి చెందిన జీవాంజి దీప్తి విషయంలో ఈ సామెత తిరగబడింది. పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదలలో వెనుకబడిన ఆ పిల్లను ఊళ్ళో కొందరు "పిచ్చి" అని, "కోతి" అని వెక్కిరించారు. ఆమె పరుగును బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు గమనించారు. ఆ తర్వాత కోచ్ నాగపురి రమేశ్ హైదరాబాదులో శిక్షణ ఇచ్చారు. 2024 మే నెలలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి దీప్తి తన విభాగంలో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే సంవత్సరం సెప్టెంబరు 3న పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్య పతకం గెలిచింది. ఇల్లు గడవక అమ్ముకున్న పొలాన్ని, 2023 ఆసియా పారా క్రీడల్లో ఆమె బంగారు పతకం తెచ్చిన తర్వాత తల్లిదండ్రులు తిరిగి కొనుక్కోగలిగారు.

అయితే ఇటువంటి పిల్లలందరూ దీప్తిలా పరుగెత్తలేరు. వారి మాటేమిటి? నేను ఈ వ్యాసం రాయడానికి పూనుకున్నది ముఖ్యంగా వారి కోసమే.

మనం బుద్ధిమాంద్యం అని పిలుస్తూ వచ్చినదాన్ని ఇప్పుడు మేధో వైకల్యం అంటున్నారు. ఇది పిచ్చి కాదు, అంటువ్యాధి కాదు, పూర్వజన్మ పాపం అంతకన్నా కాదు. నేర్చుకోవడం నెమ్మదిగా సాగుతుంది, అంతే. అమెరికాలో యూనిస్ కెనెడీ శ్రైవర్ అనే మహిళ తన అక్క రోజ్‌మేరీకి ఉన్న ఈ లోపాన్ని దగ్గరగా చూసి, 1962లో తన ఇంటి పెరట్లోనే ఇటువంటి పిల్లలకు ఆటల శిబిరం పెట్టారు. 1968 జులై 20న చికాగోలో సుమారు వెయ్యి మంది క్రీడాకారులతో మొదటి స్పెషల్ ఒలింపిక్స్ జరిగాయి. 2023లో బెర్లిన్‌లో జరిగిన ప్రపంచ క్రీడల్లో ఒక్క భారతదేశమే 202 పతకాలు సాధించింది.

ఈ క్రీడల్లో నాకు బాగా నచ్చినది పోటీ పెట్టే పద్ధతి. ముందుగా ప్రతివారి శక్తినీ కొలుస్తారు. ఆ తర్వాత వయసు, సామర్థ్యం దగ్గరగా ఉన్నవారిని ముగ్గురి నుంచి ఎనిమిది మంది వరకు ఒక జట్టుగా చేస్తారు. వారిలో మొదటివారికీ చివరివారికీ తేడా సుమారు 15 శాతం మించకుండా చూస్తారు. కనుక నెమ్మదిగా నడిచేవారికి కూడా గెలిచే అవకాశం నిజంగానే ఉంటుంది, ఓడిపోయే అవకాశమూ ఉంటుంది. జాలిపడి చేతిలో పెట్టే బహుమతికీ, పోటీపడి తెచ్చుకున్న పతకానికీ ఉన్న తేడా ఆ పిల్లలకు తెలియదనుకోవడం మన భ్రమ. ఎనిమిదేళ్ళు నిండినవారెవరైనా ఇందులో పాల్గొనవచ్చు. పైన వయసు హద్దు లేదు.

ఇక మనం ఉంటున్న యాంగోన్ సంగతికి వద్దాం. వికలాంగుల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి ఒడంబడికలో మయన్మార్ 2011లో చేరింది. 2015లో ఇక్కడ ప్రత్యేక చట్టమూ వచ్చింది. ఈ నగరంలో 2000లోనే ఈడెన్ సెంటర్ అనే సంస్థ వికలాంగ బాలల కోసం మొదలైంది. చట్టాలు, సంస్థలు ఎన్ని వచ్చినా, ఇంటి గడప దాటించవలసింది మాత్రం కుటుంబమే. పెళ్ళికి తీసుకువెళితే నలుగురూ ఏమంటారో, అక్క సంబంధం ఎక్కడ చెడుతుందో అన్న భయంతో బిడ్డను గదిలో ఉంచే ఇళ్ళు ఏ ఊళ్ళోనైనా ఉంటాయి. ఆ భయాన్ని పెంచేదీ, పోగొట్టేదీ కూడా ఆ నలుగురే. ఆ నలుగురం మనమే.

మన వీధుల్లో బర్మా కుర్రాళ్ళు ఆడే చిన్‌లోన్ చూడండి. ఆరుగురు వలయంగా నిలిచి పేము బంతిని కింద పడకుండా కాళ్ళతో ఆడతారు. సంప్రదాయ పద్ధతిలో ఎదుటి జట్టు ఉండదు. ఒకరు తప్పితే పక్కవారు అందుకోవాలి. స్పెషల్ ఒలింపిక్స్‌లోని యూనిఫైడ్ క్రీడలూ ఇటువంటివే. వైకల్యం ఉన్నవారు, లేనివారు ఒకే జట్టులో కలిసి ఆడతారు.

కనుక నాదొక మనవి. వచ్చే ఉగాది ఆటల్లో వీరి కోసం కూడా పోటీలు పెడదాం. 25 మీటర్ల నడక, 50 మీటర్ల పరుగు, టెన్నిస్ బంతి విసరడం, నిలబడినచోటు నుంచి దూకడం చాలు. వీటికి పెద్ద ఖర్చేమీ లేదు. ఒక టేపు, ఒక స్టాప్‌వాచీ, ఓపిక ఉన్న నలుగురు యువకులు ఉంటే సరిపోతుంది. ఒక్క జాగ్రత్త మాత్రం మరువరాదు. డౌన్ సిండ్రోమ్ ఉన్న కొందరిలో మెడ ఎముకల పట్టు సడలి ఉంటుంది కాబట్టి ముందుగా డాక్టరుకు చూపించాలి.

తల్లిదండ్రులారా, మీ బిడ్డ పేరు కూడా ఇవ్వండి. మిగిలినవారు ఆ పేరు పిలిచినప్పుడు గుసగుసలాడక, గట్టిగా చప్పట్లు కొట్టండి.