అంతరిక్షానికి లిఫ్టు వేస్తే తాడు ఆగుతుందా?

గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి ప్రాంతాల్లో ఇనుప తాడు విలువ ఎవరికీ చెప్పనక్కర్లేదు. బొగ్గుబాయిలో టబ్బులు లాగే హాలేజీకైనా, కార్మికులను దింపే మ్యాన్‌రైడింగ్‌కైనా అదే ఆధారం. తీగలు తెగాయా, తుప్పు పట్టిందా అని దాన్ని రోజూ చూసుకుంటారు. భూమి నుంచి అంతరిక్షానికి లిఫ్టు వేయొచ్చా అన్న ప్రశ్న కూడా చివరికి తాడు దగ్గరే తేలుతుంది.

ముందుగా వచ్చే అనుమానం: తాడును పైన దేనికి కడతారు? దేనికీ కట్టరు. మీ డాబా మీది టీవీ డిష్‌ చూడండి. దక్షిణానికో, కాస్త ఆగ్నేయానికో తిప్పి ఒకసారి బిగిస్తే మళ్లీ కదపక్కర్లేదు. అది చూసే ఉపగ్రహం భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల ఎత్తున, భూమితో సమంగా తిరుగుతూ మనకు ఒకేచోట ఉన్నట్టు కనిపిస్తుంది. అక్కడి నుంచి ఒక తాడు కిందికి, మరొకటి పైకి వదలాలి. కిందిదాన్ని భూమి లాగుతుంది. పైదాన్ని గిరగిరా తిరగడం వల్ల పుట్టే బలం బయటికి లాగుతుంది. రెండు లాగుళ్లూ సరిపోతే తాడు నిలుస్తుంది. రష్యాకు చెందిన యూరీ ఆర్చుతానోవ్ 1960లోనే ఈ పద్ధతి చెప్పారు. జపాన్ నిర్మాణ సంస్థ ఒబయాషి 2012లో 96,000 కిలోమీటర్ల తాడుతో 2050 నాటికి లిఫ్టు వేస్తామని ప్రకటించింది.

కరీంనగర్‌లో వేయొచ్చా? కుదరదనే చెప్పాలి. కింది కొసకు అనువైన చోటు భూమధ్యరేఖ దగ్గర. మనం దానికి 18 డిగ్రీలు ఉత్తరాన ఉన్నాం.

రాకెట్లు ఉండగా ఇంత శ్రమ ఎందుకు? శ్రీహరికోట నుంచి ఎగిరే ఎల్‌వీఎం3 రాకెట్ బరువు 640 టన్నులు. ఉపగ్రహాన్ని పై కక్ష్యకు చేర్చే దారిలో అది వదలగలిగేది సుమారు 4 టన్నులు. అంటే కిలో సరుకుకు నేల మీద 160 కిలోల ఏర్పాటు. లిఫ్టులో అయితే కిలో బరువును 35,786 కిలోమీటర్లు ఎక్కించడానికి కావలసిన శక్తి 13.5 యూనిట్ల కరెంటే. యూనిట్ పది రూపాయలనుకుంటే 135 రూపాయలు. పదింట తొమ్మిది వంతులు వృథా అయినా 1,350. గంటకు 200 కిలోమీటర్ల వేగంతో ఎక్కితే ఏడున్నర రోజుల ప్రయాణం.

కరెంటుతో చిక్కు లేదు, చిక్కంతా తాడుతోనే. వేలాడే తాడు సరుకుకంటే ముందు తన బరువు తాను మోయాలి. మంచి ఉక్కు తీగను నిలువుగా వదిలితే 25 కిలోమీటర్లు దాటేసరికి తన బరువుకే తెగుతుంది. అది కరీంనగర్ నుంచి పెద్దపల్లి దూరం కూడా కాదు. పైకి పోయేకొద్దీ భూమి లాగుడు తగ్గుతుంది కాబట్టి 36,000 కిలోమీటర్ల తాడు బరువు నేల మీది లెక్కలో సుమారు 4,900 కిలోమీటర్ల తాడుకు సమానం. అయినా ఉక్కు ఎక్కడ, ఆ లెక్క ఎక్కడ!

బరువంతా పడే చోట లావు పెంచుకుంటూ పోతే? మంచి ఆలోచనే, ఇంజనీర్లు లెక్క కట్టేదీ అలాగే. కానీ ఉక్కుతో చేస్తే పైన ఉండాల్సిన లావు కింది లావుకు ఎన్ని రెట్లో రాయాలంటే 1 పక్కన 80కి పైగా సున్నాలు పెట్టాలి. బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లలో వాడే కెవ్లార్‌తో అయినా ఇరవై కోట్ల రెట్లు దాటుతుంది.

మిగిలిన ఆశ కార్బన్ నానోట్యూబులు. కార్బన్ పరమాణువులు గొట్టంలా చుట్టుకున్న అతి సన్నని పోగులివి. మన బొగ్గులో ఎక్కువగా ఉన్నదీ ఆ కార్బనే. 1991లో జపాన్ శాస్త్రవేత్త సుమియో ఇజిమా పరిశోధనతో వీటికి పేరొచ్చింది. లోపంలేని పోగులతో తాడు చేయగలిగితే పైన మూడు నాలుగు రెట్ల లావు సరిపోతుంది. కానీ చైనాలోని సింగ్వా విశ్వవిద్యాలయం 2013లో పెంచిన పొడవైన పోగు అర మీటరు పైచిలుకు, అంటే మూరకు కాస్త ఎక్కువ.

పొట్టి పోగులను పేనితే తాడు కాదా అంటారేమో. అవుతుంది, కానీ ఈ పోగులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకోవు. లాగితే పోగు తెగకముందే జారిపోతుంది. ఒక్కో పోగుకున్న బలం తాడుకు రాదు. పైగా మనుషులను మోసే తాడు మోయాల్సిన బరువుకు ఎన్నో రెట్లు తట్టుకోవాలన్నది బొగ్గుబాయిలో పనిచేసిన ఎవరికైనా తెలిసిన నియమం. ఆ పూచీ ఇక్కడా ఉండాల్సిందే. పిడుగులు, కక్ష్యల్లో తిరిగే పాత ఉపగ్రహాల ముక్కలు వేరే బెడద.

అందుకే 2050 మాట నాకు నమ్మశక్యంగా లేదు. చంద్రుడి సంగతి వేరు. అక్కడి ఆకర్షణ మన దాంట్లో ఆరో వంతు. తాడు 50,000 కిలోమీటర్లు మించినా, ఈ రోజు ఫ్యాక్టరీల్లో తయారవుతున్న కెవ్లార్ లాంటి పోగులే దానికి చాలుతాయని లెక్కలు చెబుతున్నాయి. మొదటి అంతరిక్ష లిఫ్టు పడితే అక్కడే పడుతుందని నా అంచనా.