రొయ్యకు రెండు జతల మీసాలు

“రొయ్యకు లేవా బారెడు మీసాలు” అని మన పెద్దలు మీసాలరాయుళ్లను వేళాకోళం చేస్తారు. సామెత పుట్టించినవారెవరో గాని రొయ్యను బాగుగానే చూచినారు. ఆ మీసాలు దాని స్పర్శశృంగాలు. అవి ఒక జత కావు, రెండు జతలు. కీటకాలకు ఒకే జత. సాలెపురుగుకు బొత్తిగా లేవు. రెండు జతల మీసాలు, కీళ్లుగల కాళ్లు, ఎదిగినప్పుడల్లా విడిచివేసే పెంకు గల ప్రాణులకు శాస్త్రజ్ఞులు క్రస్టేషియా అని పేరు పెట్టినారు. లాటినులో ‘క్రస్టా’ అంటే పైపెచ్చు.

అట్లని పెచ్చు ఉన్నదల్లా ఈ వర్గము కాదు. నత్త తన గుల్లనే అంచున పెంచుకుంటూ జీవితమంతా అందులోనే ఉంటుంది. పీత సంగతి వేరు. పెంకు బిగుతు కాగానే దానిని చీల్చుకొని వెనుకకు జారి బయటపడుతుంది. కొత్త పెంకు గట్టిపడేదాకా మెత్తని ఒంటితో ఏ బొరియలోనో దాగవలసినదే. తెలంగాణలో ఎండ్రకాయ అన్నా, కోస్తాలో పీత అన్నా దాని అవస్థ ఇదే.

ఓడల అడుగున తెల్లగా కరచుకొని ఉండే బార్నకిల్‌ను చాలాకాలము నత్తల జాతిలో లెక్కించినారు. పెరిగిన తరువాత దానికి మీసాలు కనబడవు మరి. 1830లో జాన్ వాన్ థాంసన్ అనే సైనిక వైద్యుడు దాని పిల్లలు నీటిలో ఈదుతవని చూపి, అది రొయ్యకే చుట్టమని తేల్చినాడు. కీటకాలు సైతము ఈ వంశవృక్షపు కొమ్మయే అని నేటి జన్యుపరిశోధన చెబుతున్నది. వాడుకలో మాత్రము వాటిని ఈ పేరుతో పిలువము.

ఇదంతా పండితుల గొడవ అని శ్రోతలు అనుకోరాదు. ఆహారపు పొట్లాలపై అలర్జీ కలిగించే పదార్థాలను తెలుపవలెనని చెప్పే 2020 నాటి మన దేశపు నిబంధనలలో క్రస్టేషియన్లు ఒక పద్దు, చేపలు వేరొక పద్దు. రొయ్య పడనివారిలో అనేకులకు పీత కూడా పడదు. రెండింటి కండరాలలోను ట్రోపోమయోసిన్ అనే మాంసకృత్తు దాదాపు ఒకే తీరున ఉండడమే ఇందుకు ముఖ్యకారణము. ఉడికించినా దాని గుణము పోదు. అట్టివారిలో చేపను నిక్షేపముగా తినేవారూ ఉన్నారు; ఎవరికి ఏది పడునో వైద్యుడే తేల్చవలెను.

మా దిగులు పొట్లాలను గురించి కాదు. వంకాయకూరలో వేసే గుప్పెడు రొయ్యపొట్టుకు చీటీ ఎవరు అంటిస్తారు? నోరు దురదపెట్టడముతో మొదలై ఊపిరి అందని స్థితి దాకా రావచ్చును. కూరలో ఏమి వేసినదీ విస్తరిలో వడ్డించే ముందే అతిథికి చెప్పవలెను.