హ్యాలీ చూడని హ్యాలీ తోకచుక్క తిరిగిరాక

1531, 1607, 1682లలో కనిపించిన తోకచుక్కలు మూడు కాదు, ఒక్కటేనని 1705లో లెక్కతేల్చాడు ఎడ్మండ్ హ్యాలీ. 1758లో మళ్లీ వస్తుందన్నాడు. చూడకుండానే 1742లో కన్నుమూశాడు.

చెప్పిన ఏడాది వచ్చింది. డిసెంబరు దాకా జాడ లేదు! గురుడు, శని తమవైపు లాగడంతో ఆలస్యమైందన్నమాట. చివరికి క్రిస్మస్ రాత్రి దాన్ని పట్టేసింది పారిస్ పండితులు కాదు, జర్మనీలోని డ్రెస్డెన్ పక్క పల్లెలో సేద్యం చేసుకునే యోహాన్ పాలిచ్. పేరు మాత్రం హ్యాలీదే (అదీ న్యాయమే లెండి).

2023 డిసెంబరులో నెప్ట్యూన్ అవతల యూటర్న్ తీసుకుంది. 2061లో వస్తుంది. అప్పటికి మీ వయసెంత?

అన్నాళ్లు ఆగలేకపోతే, మే మొదటి వారంలో తెల్లవారుజామున డాబా ఎక్కండి. అప్పుడు రాలే ఉల్కల్లో చాలావరకు అది వదిలిన ధూళే. ఫోన్ మాత్రం జేబులోనే ఉంచండి, కళ్లు చీకటికి అలవాటుపడాలిగా!